తిరుపతి పాత ఊరిలో తిండి, కాఫీ, కళలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొండ మీద దర్శనం చేసుకుని, దిగీ దిగగానే రైలో బస్సో ఎక్కే యాత్రికులకు తిరుపతి ఊరు దాదాపు కనిపించదు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో ఒక పూట కాలినడకన తిరగదలచిన వారి కోసం, ఇదే ఊళ్ళో ఉంటూ ఆ వీధులను వాహనం మీద మాత్రమే దాటే వారి కోసం ఈ సమాధానాలు రాశాము.

పాత ఊరు అంటే ఏ ప్రాంతం?

రైల్వే స్టేషను ఎదుట నిలబడితే గోవిందరాజస్వామి ఆలయపు ఏడంతస్తుల గాలిగోపురం కనిపిస్తుంది. ఆ గోపురాన్ని గుర్తుగా పెట్టుకుని గుడి చుట్టూ ఉన్న మాడ వీధులు, తేరు వీధి, కర్నాల వీధి, బేరి వీధి, తీర్థకట్ట వీధి, గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, అక్కడి నుండి నాలుగుకాళ్ళ మండపం, తాతయ్యగుంట గంగమ్మ గుడి వరకు ఉన్న భాగాన్ని ఈ పేజీలో పాత ఊరు అంటున్నాము. 1130లో రామానుజాచార్యులు ఇక్కడ గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారని, ఆ గుడిని ఆనుకునే ఊరు పెరిగిందని సంప్రదాయం చెబుతుంది. కె.టి. రోడ్డు, బాలాజీ కాలనీ, ఎయిర్ బైపాస్ రోడ్డు తరువాత పెరిగిన ప్రాంతాలు. కొత్త కెఫేలు, పెద్ద రెస్టారెంట్లు ఎక్కువగా అటువైపు ఉంటాయి కాబట్టి, ఊరి రుచి కూడా అక్కడే ఉంటుందని చాలామంది అనుకుంటారు. మా అభిప్రాయం వేరు. అక్కడ దొరికేది హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ దొరుకుతుంది.

దర్శనం అయిపోయింది, రైలుకు నాలుగైదు గంటలే ఉంది. ఏ క్రమంలో తిరిగితే బాగుంటుంది?

పొద్దున్నే దిగి వచ్చిన వారైతే ముందు టిఫిన్, తరువాత కాఫీ, ఆ తరువాత గుడి, చివరికి అంగళ్ళు అన్న క్రమం బాగా కుదురుతుంది. టిఫిన్ గిన్నెలు పదిన్నర, పదకొండుకల్లా ఖాళీ అవుతాయి. బట్టల, బొమ్మల అంగళ్ళు పది దాటితే గాని పూర్తిగా తెరుచుకోవు. గుడి మధ్యాహ్నం కొంతసేపు మూసే అవకాశం ఉంది కాబట్టి గోపురం, మండపాలు తీరికగా చూడాలంటే దానికి ముందే వెళ్ళాలి. సాయంత్రం వచ్చిన వారు దీన్ని తిరగేసుకోవచ్చు: నాలుగు గంటలకు బజ్జీల బండ్లు వెలుగుతాయి, ఆరు తరువాత మాడ వీధుల్లో ఎండ తగ్గి నడక సుఖంగా ఉంటుంది, ఏదైనా కచేరీ ఉంటే అదీ ఆ వేళకే మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుండి నాలుగు వరకు ఈ వీధుల్లో తిరగవద్దని గట్టిగా చెబుతాము. ఆ నెలల్లో ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటడం మామూలే. చెప్పులు బయట వదిలి గుడిలోకి వెళ్ళే వారికి రాతిపరపు మీద కాలు పెట్టడమే గండం.

పొద్దున టిఫిన్‌లో ఈ ఊరికి చెందిన రుచి ఏది?

ఇడ్లీ, దోసె, పొంగలి, వడ దక్షిణాదిలో ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి ఈ ప్రశ్నకు సమాధానం పళ్ళెంలోని ఇడ్లీలో కాక దాని పక్కన వేసే వాటిలో వెతకాలి. తమిళ సీమ అటు, రాయలసీమ ఇటు ఉన్న చోట కూర్చున్న ఊరు కాబట్టి, ఒకే హోటల్లో చిన్న ఉల్లిపాయల సాంబారు, చిక్కటి చెనక్కాయల (వేరుశనగ) చట్నీ, శనగపిండితో పలుచగా ఉడికించిన బొంబాయి చట్నీ పక్కపక్కనే పడతాయి. చెనక్కాయలను దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి వేసి నూరిన చట్నీ ఇక్కడి వారికి ప్రాణం. టెంకాయ చట్నీ తెల్లగా, అందంగా ఉంటుంది గాని, పాత వీధుల్లో ఎవరూ దాని కోసం రెండోసారి గిన్నె చాపరు.

దోసెల్లో కారం దోసె అడగండి. వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, ఉప్పు, ఉల్లిపాయ కలిపి మెత్తగా రుబ్బిన ఎర్రకారాన్ని కాలుతున్న దోసె మీద గరిటె అడుగుతో పూస్తారు. దాని మీద వేయించిన శనగపప్పు పొడి చల్లి, నెయ్యో నూనో అంచుల వెంట తిప్పి పోస్తారు. పూసిన కారం పెనం వేడికి పచ్చివాసన పోయి, రంగు ఒక మెట్టు ముదిరినప్పుడే దోసె మడవాలి. తొందరపడి మడిస్తే వెల్లుల్లి ఘాటు గొంతులో పట్టుకుంటుంది. కడప, ప్రొద్దుటూరు వైపు ఈ దోసెకు పేరు ఎక్కువ అయినా తిరుపతి పెనాలు దాన్ని బాగానే తమది చేసుకున్నాయి. దోసె వేసే మనిషి పెనం ఎదుట నిలబడి చూసే వీలున్న చోటే తినండి. లోపలి వంటగది నుండి ప్లేటులో మూత పెట్టి వచ్చే కారం దోసె మెత్తబడి ఉంటుంది.

రాగి సంగటి హోటళ్ళలో తిన్నది, ఇళ్ళలో తిన్నది వేరువేరుగా ఎందుకు ఉంటాయి?

సంగటి వండడం చూడటానికి తేలికే గాని ఓపిక కావాలి. ముందు నూకలు లేదా బియ్యం మెత్తగా, కాస్త జారుగా ఉడకనిచ్చి, దాని నడుమ రాగి పిండిని కుప్పగా పోసి, కలపకుండా సన్నటి మంట మీద మగ్గనివ్వాలి. పిండి ఆవిరికి ఉడికిన తరువాతే కట్టెతో గట్టిగా కెలికి, ఉండలు లేకుండా చేసి, తడి చేత్తో ముద్దలు కట్టాలి. ఇంట్లో ఈ మగ్గే సమయం ఇస్తారు. రద్దీ ఉన్న హోటల్లో మరిగే ఎసట్లో పిండి పోసి వెంటనే కెలికేస్తారు. అలా చేసిన ముద్దకు పచ్చిపిండి వాసన ఉంటుంది, చల్లారితే రాయిలా గట్టిపడుతుంది. సరిగా మగ్గిన సంగటి మెరుస్తుంది, వేలితో నొక్కితే తిరిగి లేస్తుంది.

తినే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి వేసుకుని, చిన్న తునకను పులుసులో ముంచి, పెద్దగా నమలకుండా మింగుతారు. మాంసాహారులకు నాటుకోడి పులుసు దానికి సహజమైన జోడు. శాకాహారులు తమకు ఏమీ మిగలదని అనుకోనక్కరలేదు. వంకాయ, టమాటా, పచ్చిమిరపకాయలు, ఆకుకూర, చింతపండు కలిపి ఉడికించి పప్పుగుత్తితో ఎనిపిన పుల్లగూర, చెనక్కాయల ఊరిబిండి (రోటి పచ్చడి), పచ్చిపులుసు ఉన్న చోట సంగటి తింటే కోడి గుర్తుకు రాదు. అయితే పుల్లగూర హోటల్ పట్టికలో అరుదు. అది ఇంటి వంట. చిన్న మెస్సుల్లో అడిగితే ఒక్కోరోజు ఉంటుంది.

తిరుపతిలో మాంసాహారం దొరుకుతుందా? తినడంలో అభ్యంతరం ఉందా?

దొరుకుతుంది. నిషేధం తిరుమల కొండకు సంబంధించినది. మాంసం, మద్యం, పొగాకు కొండ మీదికి తీసుకువెళ్ళకూడదు, కొండ కింద అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది. ఊళ్ళో ఆ నియమం లేదు. అయితే గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న మాడ వీధుల్లో ఎక్కువగా శాకాహార హోటళ్ళే కనిపిస్తాయి. సంగటి, నాటుకోడి, అలసంద వడలు కలిపి వడ్డించే భోజనశాలలు కొంత దూరంగా, ఊరి బయటికి పోయే రోడ్ల మీద ఎక్కువ. కొండకు వెళ్ళే ముందు తినకూడదన్న నియమం చాలామంది ఇళ్ళలో ఉంది. అది ఎవరి ఆచారం వారిది.

సాయంత్రం ఏమి తినాలి?

మిరపకాయ బజ్జీ, ఉడికించిన చెనక్కాయలు, బొరుగుల (మరమరాల) మసాలా, అలసంద వడలు. అలసందలను నానబెట్టి గరుకుగా రుబ్బి, అల్లం, పచ్చిమిరపకాయ, ఉల్లి వేసి తట్టిన వడ మినప వడ కంటే కరకరగా ఉంటుంది. నూనెలో నుండి తీసిన పది నిమిషాల్లో తినాలి. పండగ రోజుల్లో మిఠాయి అంగళ్ళలో పోళీలు (బొబ్బట్లు) వేడిగా దొరుకుతాయి.

హోటళ్ళ పేర్లు, ధరలు ఎందుకు ఇవ్వలేదు?

వంటమనిషి మారితే హోటలు మారిపోతుంది, బోర్డు మాత్రం అదే ఉంటుంది. ధరలు ఈ పేజీ కంటే వేగంగా మారతాయి. వాటి బదులు ఒక గుర్తు చెబుతాము. పొద్దున ఏడు గంటలకు చుట్టుపక్కల అంగళ్ళ వాళ్ళు, ఆటోవాళ్ళు, పూలు అమ్మే ఆడవాళ్ళు ఎక్కడ నిలబడి తింటున్నారో చూడండి. వాళ్ళు రోజూ అక్కడే తినవలసిన వాళ్ళు. యాత్రికుల మాదిరి ఒక్కసారి తిని ఊరు దాటిపోరు, కాబట్టి వాళ్ళను మోసం చేసి ఏ హోటలూ నిలబడలేదు.

ఇక్కడి ఫిల్టరు కాఫీ అంత చిక్కగా ఎలా వస్తుంది?

మూడు కారణాలు ఉన్నాయి: పొడి, డికాషన్ దిగే తీరు, పాలు. ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, పైన బిళ్ళతో మెల్లగా నొక్కి, మరుగుతున్న నీళ్ళు పోసి మూత పెడితే, చుక్కచుక్కగా కింది గిన్నెలోకి డికాషన్ దిగడానికి పావుగంట నుండి ఇరవై నిమిషాలు పడుతుంది. పొడిని మరీ గట్టిగా నొక్కితే నీళ్ళు దిగవు. నొక్కకుండా వదిలేస్తే గబగబా జారిపోయి పలుచటి రంగునీళ్ళు మిగులుతాయి. మొదట దిగినదే అసలైన డికాషన్. అదే పొడి మీద రెండోసారి నీళ్ళు పోసి తీసినదాన్ని మొదటి దానితో కలపడం ఇళ్ళలో పొదుపు, హోటళ్ళలో లాభం. మధ్యాహ్నం మూడు గంటల కాఫీ పొద్దుటి కాఫీ అంత బాగుండకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

పాలలో నీళ్ళు కలపకపోవడం మూడో సంగతి. కౌంటరు దగ్గర నిలబడి ఒకసారి గమనించండి. గ్లాసు అడుగున చక్కెర, దాని మీద మూడో వంతు డికాషన్ పోసి, అప్పుడే పొంగిన పాలను ఎత్తు నుండి ఒక ధారగా వదులుతారు. ఆపైన డబరాలోకి (గ్లాసు కింద పెట్టే వెడల్పాటి చిన్న గిన్నె), గ్లాసులోకి రెండుమూడు సార్లు తిరగబోస్తే నురుగు కట్టి, కాఫీ నోరు కాలని వేడికి వస్తుంది. ఆ తిరగబోత డాబు కోసం అనుకుంటారు గాని చక్కెర కరిగేది కూడా దానితోనే. అందుకే మంచి కాఫీ ఇచ్చే చోట చెంచా ఉండదు. చక్కెర తక్కువ కావాలంటే పాలు పోయక ముందే చెప్పాలి. 'స్ట్రాంగు' అంటే డికాషన్ పెంచుతారు, 'లైటు' అంటే తగ్గిస్తారు, ఇద్దరు పంచుకోవాలంటే 'వన్ బై టూ' అని చెబితే సరిపోతుంది, ఎవరూ చిన్నచూపు చూడరు.

రైళ్ళు రాత్రంతా వస్తూ పోతూ ఉండే ఊరు కాబట్టి స్టేషను దగ్గర తెల్లవారకముందే కాఫీ దొరుకుతుంది. మా లెక్కలో ఈ ఊళ్ళో అత్యుత్తమమైన కాఫీ ఆ వేళదే. కొత్త పొడి, కొత్త డికాషన్, అప్పుడే వచ్చిన పాలు.

చికోరీ కలపడం కల్తీ కాదా?

కాదు, చెప్పి కలిపితే. చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు. డికాషన్‌కు రంగు, చిక్కదనం, కొంచెం చేదు తీపి ఇస్తుంది. భారతీయ ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, రెండూ ఎంతెంత ఉన్నాయో పొట్లం మీద తెలపాలి. పాలు పోసి తాగే వారికి 80కి 20 పాళ్ళు బాగా నప్పుతాయి. 70కి 30 దాటితే కాఫీ వాసన వెనక్కి పోతుంది. పాలు లేకుండా తాగే వారు చికోరీ లేని పొడి అడగాలి. అసలు చికోరీ వద్దే వద్దని పట్టుబట్టే వారితో మాకు పేచీ లేదు గాని, వాళ్ళు చిన్నప్పుడు ఇంట్లో తాగి ఇష్టపడిన కాఫీలో అది తప్పకుండా ఉండే ఉంటుంది.

ఇంటికి కాఫీ పొడి కొనాలంటే ఏమి చూసుకోవాలి?

గింజలు కళ్ళెదుట మర పట్టి ఇచ్చే అంగడి ఎంచుకోండి. ప్లాంటేషన్ ఏ అన్నది అరబికా గింజల రకం; పీబెర్రీ అంటే కాయలో ఒక్కటే ఉండే గుండ్రటి గింజ. రోబస్టా కలిపితే ధర తగ్గుతుంది, చిక్కదనం, చేదు పెరుగుతాయి. ఇంట్లో వాడేది స్టీలు ఫిల్టరా, యంత్రమా అన్నది ముందే చెప్పండి, ఎందుకంటే మర పట్టే మెత్తదనం దాన్ని బట్టి మారుతుంది. పదిహేను రోజులకు సరిపడేంత మాత్రమే కొనండి. కిలోలు కొని సంచిలో పెట్టుకుని తీసుకువెళ్ళిన పొడి వాసన కోల్పోతుంది. ఒకటి గమనించండి: పొట్లం వేడిగా ఉన్నప్పుడు మూతి బిగించి కట్టకూడదు, ఇంటికి చేరాక గాలి చొరని డబ్బాలో పోసుకోవాలి.

అరకు కాఫీ ఇక్కడ దొరుకుతుందా? అది ఫిల్టరుకు పనికొస్తుందా?

దొరుకుతుంది, పనికొస్తుంది కూడా. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (జిఐ ట్యాగ్) వచ్చింది. తూర్పు కనుమల్లో గిరిజన రైతులు నీడ చెట్ల కింద పండించే గింజ అది. దాని గుణం సున్నితమైన పులుపు, పండు వాసన. బాగా మాడ్చి, చికోరీ కలిపి, చిక్కటి పాలు పోస్తే ఆ గుణం పోతుంది కాబట్టి తక్కువ పాలతోనో, పాలు లేకుండానో తాగి చూడమని సలహా. కొత్త కెఫేలు ఈ ఒక్క విషయంలో పాత హోటళ్ళ కంటే ముందున్నాయి: గింజ ఎక్కడిదని అడిగితే చెబుతాయి.

కాఫీ తాగని వారికి?

వేసవిలో నన్నారి షర్బత్. నన్నారి (సుగంధి) వేరు కాచి, చక్కెర పాకంలో కలిపి నిలవ చేసిన ముదురు రంగు రసాన్ని గ్లాసులో పోసి, నిమ్మకాయ పిండి, చల్లటి నీళ్ళో సోడానో కలిపి ఇస్తారు. రాయలసీమ ఎండకు ఇంతకంటే తగిన విరుగుడు మాకు తెలియదు. రంగు, వాసన కోసం ఎసెన్సు కలిపినవి కూడా అమ్ముతారు. అసలైన దానికి వేరు వాసన తాగిన తరువాత కూడా నోట్లో కొంతసేపు ఉంటుంది.

మే నుండి జులై వరకు మామిడి కాలం. ఉమ్మడి చిత్తూరు జిల్లా తోతాపురి తోటలకు పేరుపొందింది, ఇక్కడ దాన్ని బెంగుళూర అంటారు. అందులో చాలా భాగం గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. తినడానికి బంగినపల్లి, మల్లిక, నీలం అడగండి. బెంగుళూర కాయను దోరగా ఉన్నప్పుడు కోసి ఉప్పు కారం చల్లి బండ్ల మీద అమ్మేది మాత్రం వదలకండి.

గుడి కాకుండా ఈ వీధుల్లో చూడదగిన కళ ఏముంది?

గుడినే కళగా చూడటంతో మొదలుపెట్టవచ్చు. సిద్ధవటం ఏలిన మట్ల రాజులు 17వ శతాబ్దంలో కట్టించిన బయటి గోపురం కింద నుండి వందలమంది రోజూ తల ఎత్తకుండా నడిచిపోతారు. ద్వారంలో ఆగి రెండు వైపుల గోడలను చూస్తే రాతిలో చెక్కిన బొమ్మలు కనిపిస్తాయి.

శిల్పం ఎలా తయారవుతుందో తెలుసుకోదలచిన వారు తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప కళాశాల గురించి వాకబు చేయాలి. రాతి, లోహ, దారు (చెక్క) శిల్పం, గోపురాల మీది సుధా (సున్నపు) శిల్పం, సంప్రదాయ వర్ణచిత్రం, కలంకారీ అక్కడ నేర్పుతారు. చదువు సాగే చోటు కాబట్టి ముందుగా అనుమతి అడిగి వెళ్ళడం మర్యాద.

పక్కనే ఉన్న చంద్రగిరి పదిహేను కిలోమీటర్ల లోపు దూరంలో ఉంది. అక్కడి రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. అందులో పురావస్తు శాఖ ప్రదర్శనశాల నడుస్తోంది. శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్ళండి.

కలంకారీ చీర కొనాలనుకుంటున్నాను. చేత్తో గీసినదని ఎలా తెలుసుకోవాలి?

తిరుపతి అంగళ్ళలో కలంకారీ పేరుతో అమ్మే వాటిలో మూడు రకాలు ఉంటాయి. ఒకటి, నలభై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న శ్రీకాళహస్తిలో కలంతో గీసినది. రెండు, మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దినది. మూడు, ఆ బొమ్మలను మరమీద ముద్రించినది. మొదటి రెండూ గౌరవనీయమైన చేతిపనులే. మూడోది మొదటి దాని ధరకు అమ్మినప్పుడే మోసం.

గుర్తుపట్టాలంటే పని ఎలా జరుగుతుందో తెలియాలి. ముతక నూలుగుడ్డను కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన దానిలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసుకుంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను, బెల్లాన్ని నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడితే వచ్చే కసిం అనే ద్రవం కుండలో ఉన్నప్పుడు మట్టిరంగుగా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డను తాకిన కొద్దిసేపటికే అది నల్లగా మారుతుంది. కలం వెదురు పుల్లదో ఈతపుల్లదో; మొన వెనుక ఉన్ని గుడ్డ చుట్టి దారంతో కడతారు. కళాకారుడు ఆ ఉండను కసింలో ముంచి, బొటనవేలితో మెల్లగా నొక్కుతూ గీత లాగుతాడు. నొక్కు తగ్గిన చోట గీత సన్నబడుతుంది, పెరిగిన చోట లావెక్కుతుంది. ఎరుపు కోసం పటిక పూసి, వేర్లు, చెక్కలతో కాచిన రంగునీటిలో ఉడికించాలి. పసుపు, నీలం వేరువేరుగా అద్దాలి. ప్రతి రంగు తరువాత ఉతకాలి. ఇలా ఇరవై దాకా దశలు గడిస్తే గాని చీర పూర్తి కాదు.

కాబట్టి అంగట్లో గీతను చూడండి. ఒకే పువ్వు నాలుగు చోట్ల ఉంటే నాలుగింటిలో ఏదో తేడా ఉండాలి. అచ్చుగుద్దినట్టు ఉంటే అది ముద్రణే. నల్ల గీత వెనుక వైపు కూడా కొంత దిగి ఉండాలి. కొత్త గుడ్డకు పాలు, కరక్కాయ కలిసిన వాసన ఉంటుంది. రంగులు కళ్ళు చెదిరేలా మెరిస్తే అనుమానించండి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పని చేసిన జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఒక పూట చేతిలో ఉంటే తిరుపతిలో కొనకుండా శ్రీకాళహస్తి వెళ్ళి, గీసే వారి దగ్గరే కొనమని మేము చెబుతాము. ధర తగ్గుతుందని కాదు, డబ్బు గీసిన చేతికి చేరుతుందని.

ఎర్రచందనం బొమ్మలు కొనవచ్చా?

జాగ్రత్త అవసరం. ఎర్రచందనం శేషాచలం కొండల్లో, వాటిని ఆనుకున్న ప్రాంతాల్లో సహజంగా పెరిగే చెట్టు. దాని నరికివేత, రవాణా, ఎగుమతి మీద కఠినమైన ఆంక్షలు ఉన్నాయి, అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలోనూ అది ఉంది. చిన్న రాజు, రాణి బొమ్మల జత పెళ్ళిళ్ళలో, బొమ్మల కొలువుల్లో పెట్టడం పాత ఆచారం కాబట్టి కొనాలని ఉండటం సహజమే. ప్రభుత్వ లేపాక్షి హస్తకళల దుకాణం వంటి చోట బిల్లుతో కొనండి. వీధిలో రహస్యంగా చూపించి అమ్మజూపే దాన్ని ముట్టుకోకండి. విదేశాలకు తీసుకువెళ్ళే ఆలోచన ఉంటే అసలు కొనకండి. ఏర్పేడు దగ్గరి మాధవమాల గ్రామంలో వేరే చెక్కలతో దేవతామూర్తులు, వాహనాలు చెక్కే కుటుంబాలు ఉన్నాయి. పని నాణ్యతలో అవి దేనికీ తీసిపోవు.

సంగీతం, నాట్యం వినాలంటే, చూడాలంటే?

మహతి కళాక్షేత్రం, అన్నమాచార్య కళామందిరం ఈ ఊరి ప్రధాన వేదికలు. ఎస్.వి. సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి పాడేవారికి, వాయించేవారికి, విని తప్పొప్పులు చెప్పేవారికి కూడా కొరత లేదు. చాలా కార్యక్రమాలకు టిక్కెట్టు ఉండదు. ముందు వరుసల్లో ఖాళీ ఉన్నా వెనుక కూర్చునే అలవాటు ఈ ఊరి శ్రోతలది, మీరు మొహమాటపడకుండా ముందుకు వెళ్ళండి. అన్నమయ్య కీర్తన ఇక్కడ కచేరీకే పరిమితం కాదు, పొద్దున హోటల్లో, అంగట్లో, ఆటోలో వినిపిస్తూనే ఉంటుంది.

గంగమ్మ జాతర ఎప్పుడు? బయటి వారు రావచ్చా?

సాధారణంగా మే నెలలో, వారం పైగా జరుగుతుంది. ఖచ్చితమైన తేదీలు ఏటా ప్రకటిస్తారు. మంగళవారం రాత్రి చాటింపుతో మొదలై, బుధవారం బైరాగి వేషం, ఆపైన బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు అన్న వరుసలో సాగి, మరుసటి మంగళవారం జాతర, బుధవారం తెల్లవారుజామున విశ్వరూపంతో ముగుస్తుంది. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాడిని వెతకడానికి గంగమ్మ ఈ వేషాలు వేసిందని, దొర వేషం చూసి అతడు బయటికి రాగానే సంహరించిందని కథ. గంగమ్మ వెంకటేశ్వరస్వామికి చెల్లెలని నమ్మకం; అందుకే కొండ నుండి ఆమెకు సారె వస్తుంది.

కళ గురించి అడిగేవారికి ఈ వారం ఒక్కటి చాలు. బైరాగి రోజు ఒంటినిండా తెల్లటి నామపు సుద్ద, బండ రోజు కుంకుమ, తోటి రోజు బొగ్గు, దొర రోజు చందనం పూసుకుని, వేపాకు చేత పట్టుకుని పిల్లలు, పెద్దలు ఇళ్ళ నుండి నడిచి వస్తారు. మాతంగి వేషం రోజు మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టి, నగలు వేసుకుని వస్తారు. మీసాలు ఉన్న తండ్రి కొప్పులో మల్లెపూలు సర్దే కూతురిని తాతయ్యగుంట దగ్గర చూడవచ్చు. ఇది వినోదం కోసం వేసిన వేషం కాదు, చాలామందికి మొక్కు. బండ వేషం రోజు ఎదురుపడ్డవాళ్ళను బూతులు తిట్టే హక్కు వేషగాళ్ళకు ఆచారం ఇచ్చింది కాబట్టి, తిట్లు తగిలితే నవ్వి తప్పుకోవడం మేలు. బయటి వారు రావచ్చు. వీధుల్లో అంబలి పోస్తారు, తీసుకోండి. ఫోటో తీసే ముందు అడగండి, గుడి లోపల తీయకండి.

జాతర వారంలో పాత ఊరిలో వాహనాలు కదలవు. చిత్తూరు పట్టణంలో కూడా గంగమ్మ జాతర పెద్దగా జరుగుతుంది, అయితే దాని తీరు వేరు, తిరుపతి వేషాల వరుసను అక్కడ వెతకకూడదు.

లడ్డు ఊళ్ళో కొనవచ్చా?

తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరుతో దేవస్థానం తప్ప మరెవరూ అమ్మకూడదు. దేవస్థానం కౌంటర్లలోనే కొనండి. మిఠాయి అంగళ్ళలో ఉన్న బూందీ లడ్డు మంచిదే కావచ్చు గాని అది ప్రసాదం కాదు. రైల్వే స్టేషను దగ్గర సంచిలో పెట్టుకుని అమ్మేవారి మాట నమ్మకండి.

వాహనం ఎక్కడ నిలపాలి? పెద్దవారితో నడవగలమా?

మాడ వీధుల్లోకి కారు తీసుకురాకండి. స్టేషను, విష్ణునివాసం వైపో, బస్టాండు, శ్రీనివాసం వైపో (ఈ రెండూ దేవస్థానం వసతి గృహాలు) వదిలి, అక్కడి నుండి ఆటోలో నాలుగుకాళ్ళ మండపం దాకా వస్తే మిగిలినదంతా నడక దూరమే. వీధులు చదునుగా ఉంటాయి గాని కాలిబాట చాలాచోట్ల అంగళ్ళ సామాను కింద ఉంటుంది. పెద్దవారు ఉంటే పొద్దున ఎనిమిదిలోపు నడక ముగించి, కూర్చుని తినే హోటలు ఎంచుకోండి. నిలబడి తినే చోట్లలో బల్లలు ఎత్తుగా ఉంటాయి, పళ్ళెం, గ్లాసు రెండూ పట్టుకోవడం వాళ్ళకు కష్టం. నీళ్ళ సీసా, చిల్లర వెంట ఉంచుకోండి.